పక్కింటాయన మూడు కుక్కలు, ఊరంతా నడిచే దారి: ఒక కేసు పూర్తిగా

ఒడిశా గజపతి జిల్లాలో, పర్లాకిమిడికి పెద్ద దూరం కాని ఒక ఊరు. పేరు రాయను, రాస్తే ఆ ఇల్లు ఏదో కనుక్కోవడం అక్కడివాళ్లకి నిమిషం పని. ఇళ్లలో తెలుగు, బడిలో ఒడియా, సంత రోజున కొండ దిగి వచ్చే సవరల మాట, మూడూ వినబడే చోటు. ఊళ్లోంచి బడికీ, చెరువుకీ, పాలకేంద్రానికీ, తారు రోడ్డుకీ పోవడానికి ఒకటే దారి, ఎడ్లబండి పట్టేంత వెడల్పున్న మట్టి దారి. దాని పక్కన ఒకాయన ఇల్లు, ఇంటి వెనక కూరగాయల మడి, కొబ్బరి చెట్లు. ఆయనకి మూడు కుక్కలు. కట్టేసే అలవాటు లేదు, గేటు లేదు, కంచె ఉందంటే ఉంది అంతే. దారిన పోయేవాళ్లని అవి తరుముతున్నాయి, ఒకరిద్దరి పిక్కల దాకా వచ్చాయి.

నేను ఈ చుట్టుపక్కల ప్రైవేటుగా పశువైద్యం చేసుకునే మనిషిని. ఇలాంటి తగాదాలు నా దగ్గరికి అడపాదడపా వస్తూనే ఉంటాయి, చాలావాటిలో చివరికి కుక్కన్నా చస్తుంది, లేకపోతే రెండు కుటుంబాల మధ్య మాటలన్నా ఆగిపోతాయి. ఇందులో రెండూ జరగలేదు కాబట్టి ఏం చేశామో వివరంగా రాస్తున్నాను. మనుషుల గుర్తులు కొన్ని మార్చాను, కుక్కల సంగతి ఉన్నదున్నట్టే.

నన్ను పిలిచింది కుక్కల కోసం కాదు, దూడ కోసం. ఎదురింటావిడకి రెండు జెర్సీ క్రాస్ ఆవులు, పొద్దున్నే పాలు కేంద్రానికి పోస్తుంది. పెయ్యదూడ తాడు తెంపుకుని దారి మీదికి పోతే కుక్క వెనక కాలు పట్టింది. గాయాన్ని సబ్బు రాసి, ధారగా నీళ్లు పోస్తూ పదిహేను నిమిషాలు కడగమన్నాను. ఆవిడ కోడలు నా వంక వింతగా చూసి "అంతసేపా డాక్టరమ్మా?" అంది. అంతసేపే. రేబిస్ వైరస్‌కి పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బుకి ఆ పొర పాడవుతుంది, ఇంతకంటే చవకైన మందు ఎక్కడా దొరకదు. కుట్లు వెయ్యలేదు, కుక్కకాటుని వెంటనే బిగించి కుట్టేయకూడదు. దూడకి టీకా మొదలుపెట్టాను, కరిచిన రోజు ఒకటి, తర్వాత 3, 7, 14, 28 రోజులకి.

ఆ తేదీలు రాసిస్తూ ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగాను, మనుషుల్ని ఎవరినైనా పట్టిందా అని. "పట్టనేదమ్మా, మా మనవడికి పన్ను గీరుకుంది అంతే, పాతపట్నం అవతల ఒకాయన పసరు పోస్తాడు, పోయించీసినాం" అంది పెద్దావిడ. ఎప్పుడు అంటే ఇరవై రోజుల కిందట. రక్తం వచ్చిందా అంటే కొంచెం వచ్చిందంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. చర్మం తెగి రక్తం వచ్చిన ప్రతి కాటూ మూడో తరగతి కిందికి వస్తుంది, అంటే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ని అక్కడికక్కడే అడ్డుకునే యాంటీబాడీల సూది) కూడా వెయ్యాలి. గీరుకుని రక్తం రాకపోతే రెండో తరగతి, టీకా చాలు. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇప్పుడు ఎక్కువగా చర్మంలోకి ఇచ్చే పద్ధతే, 0, 3, 7, 28 రోజులకి, డబ్బు తీసుకోరు. మరి డబ్బు అక్కర్లేనప్పుడు పసరుకి ఎందుకు పోతారంటే, ఆసుపత్రికి నాలుగుసార్లు తిరగాలి, పసరు ఒక్కసారితో అయిపోతుంది. పసరు వల్ల బతికామని చెప్పేవాళ్లలో చాలామంది రేబిస్ లేని కుక్క కరిచినవాళ్లే. రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడ్డాయంటే ఇక దాదాపు ఎవరూ బతకరు.

ఈ పిల్లాడి విషయంలో అదృష్టం ఏమిటంటే మూడు కుక్కలూ కళ్ల ముందే తిరుగుతున్నాయి, తింటున్నాయి. కరిచిన కుక్క పది రోజుల తర్వాత కూడా ఆరోగ్యంగా ఉంటే, కరిచిన రోజున దాని చొంగలో వైరస్ లేనట్టే. అయినా పిల్లాణ్ణి ఆసుపత్రికి పంపాను, మనిషికి సూది కావాలో వద్దో చెప్పాల్సింది నేను కాదు, పైగా రోజూ అదే దారిన బడికి పోయే పిల్లాడు.

అప్పుడే ఆ ఇంటి పెద్దకొడుకు నన్ను పాక పక్కకి పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు, మాంసంలో పురుగుమందు కలిపి పడేస్తే ఒక్క రాత్రిలో తేలిపోద్ది కదా అని. ఈ మాట ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు అంటారు, కోపం తెచ్చుకుని లాభం లేదు, సమాధానం తయారుగా ఉండాలి. కుక్కని విషం పెట్టి చంపితే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు. అది పక్కన పెట్టినా, నీ దూడని కరిచిన కుక్క ఈ పది రోజుల్లోపు చస్తే, అది విషానికి చచ్చిందో రేబిస్‌తో చచ్చిందో నీకు ఎవరు చెప్తారు? ఆ మాంసం ఆ మూడే తింటాయని ఏముంది, నీ పిల్లి తినొచ్చు, ఎవరి కోడో పొడవొచ్చు. ఆ మూడూ పోయినా అక్కడ పడే ఎంగిలన్నం అలాగే ఉంటుంది కాబట్టి ఏ టీకా లేని కొత్తవి నెల తిరక్కుండా వచ్చి చేరతాయి. పది రోజుల మాట అతనికి బాగా ఎక్కింది. చట్టం కంటే అదే పని చేసింది.

ఇక కుక్కలు. కల్వర్టు గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చుని, పొద్దున్న ఒకసారి, బడి వదిలే వేళ ఒకసారి, చీకటి పడేముందు ఒకసారి చూశాను. ఇలాంటి కేసులో ఎవరితోనూ మాట్లాడకముందు చెయ్యాల్సిన పని ఇదే, ఎందుకంటే "మూడు కుక్కలు మీద పడతాయి" అని జనం చెప్పేదాంట్లో ఏ కుక్క ఏం చేస్తుందో ఉండదు. ఇక్కడ మొదలుపెట్టేది ఎప్పుడూ ఆడదే, గోధుమ రంగుది. అది కదలదు, పడుకున్న చోటినుంచే మొరుగుతుంది. దాని గొంతు వినగానే ఏడాదిన్నర వయసు పోతు, నల్లది, దారి మీదికి ఉరుకుతుంది, ఎదురుగా వచ్చి ఆగి ఆగి మొరుగుతుంది, ముట్టుకోదు. మనిషి దాన్ని చూస్తూ వెనక్కి తిరుగుతాడు. అప్పుడు ముసలి మగది చప్పుడు లేకుండా వెనకనుంచి వచ్చి పిక్క అందుకుంటుంది. ఊరంతా నల్లదాన్ని తిడుతోంది, పళ్లు మాత్రం ముసలిదానివి.

ఇంకొకటి చూశాను. ఒక పక్క వేపచెట్టు, ఇంకో పక్క చేతిపంపు, ఈ రెండింటి మధ్యనే తరుముతాయి, అది దాటితే ఆగిపోతాయి. ఇంటి అసలు హద్దు ఇంకా చాలా లోపల ఉంది. అంటే కుక్కల లెక్కలో ఇంటి గుమ్మం వేపచెట్టు దగ్గర మొదలవుతుంది. ఎందుకలా అనుకున్నాయో సాయంత్రం అర్థమైంది. ఇంట్లో అన్నాలయ్యాక ఆ ఇంటి కోడలు తపేలాలో మిగిలిన అన్నం, గంజి తెచ్చి దారి అంచున కానుగ చెట్టు కింద రాయి మీద పోసింది. తిండి అక్కడ, నీడ అక్కడ, పడక అక్కడ. అలాంటప్పుడు దారి దానిదని కాక ఇంకేమనుకుంటుంది?

దానికి తోడు ప్రతి ఒక్కరూ రోజూ దానికి పాఠం చెప్తున్నారు. కుక్క మొరిగింది, మనిషి వెళ్లిపోయాడు. మనిషి వెళ్లేది తన పని మీద, కానీ కుక్కకి కనబడేది తను మొరిగితే పోయాడని. రోజుకి యాభై మంది పోతే యాభై సార్లు గెలిచినట్టే. పోస్టుమాన్‌ని ఏళ్ల తరబడి చూస్తున్నా కుక్కలకి కోపం తగ్గదెందుకని అడుగుతుంటారు, తగ్గదు, ఆయన రోజూ వచ్చి రోజూ "ఓడిపోయి" వెళ్తాడు కాబట్టి. పరిగెత్తే పిల్లలు, సైకిళ్లు, నెత్తి మీద మూట, కావడి వేసుకున్న సవరలు, వీళ్లంటే ఇంకా ఎక్కువ, అలవాటు లేని ఆకారం గనక. పిల్లలు విసిరిన రాళ్లు పరిస్థితిని ఇంకాస్త చెడగొట్టాయి, చెయ్యి పైకి లేస్తే చాలు నల్లది పళ్లు చూపిస్తోంది.

యజమాని దగ్గరికి ఫిర్యాదు తీసుకుని పోలేదు. టీకా పెట్టె పట్టుకుని పోయాను. దూడని కరిచింది కాబట్టి మీ కుక్కల్ని పది రోజులు నేను చూడాలి, ఆ తర్వాత టీకాలు వేస్తాను అన్నాను. ఎదురింటి వాళ్లు పంపారని తెలిస్తే తలుపు కూడా తీసేవాడు కాదేమో. ఆ రెండిళ్లకీ వరస ఉంది, ఆవిడ ఆయన్ని అన్నయ్యా అని పిలుస్తుంది, ఆ అన్నయ్యా అనే పిలుపుతోనే తిడుతుంది కూడా. ఆయన వాదన నేను అనుకున్నట్టే ఉంది: "మా కుక్కలు ఎవుల్నీ ఏటీ సెయ్యవమ్మా, గుంటలే రాళ్లిసురుతారు. ఇయి నేకపోతే పందులు మడిని ఒక్క రేత్రిలో దున్నీస్తాయి." పందుల మాట నిజం. రాళ్ల మాటా నిజం. రెండూ ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక గాని మనిషి కుర్చీ వెయ్యలేదు.

ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయన అరుగు మీద ఉన్నంతసేపూ కుక్కలు బుద్ధిగా పడుకుంటాయి, తరిమేది ఆయన మడిలోకి పోయాకే. కుక్కల యజమానుల్లో చాలామందికి తమ కుక్క తాము లేనప్పుడు ఎలా ఉంటుందో ఎప్పుడూ కనబడదు. కల్వర్టు మీంచి తీసిన వీడియో చూపించాను, బడి వదిలాక పిల్లలు పుస్తకాల సంచులు ముందు పెట్టుకుని నక్కినట్టు నడవడం, ముసలిది వెనకనుంచి రావడం. రెండోసారి పెట్టమన్నాడు. ముసలిదాన్ని చూసి "ఇదా?" అన్నాడు. అది ఆయన ముద్దు కుక్క.

అయినా చివర్లో ఒక మాట వదిలాడు, అసలు ఈ దారి మా స్థలంలోంచే పోతోంది, మా తాత వదిలాడు కాబట్టి జనం నడుస్తున్నారు అని. ఇలాంటి మాటని గాలికి వదిలేయకూడదు. దారి ప్రజలదా, సొంతమా అనేదాని మీద తర్వాత అడుగులన్నీ ఆధారపడతాయి. ఒడిశాలో దీనికి తహసీల్ ఆఫీసు మెట్లెక్కక్కర్లేదు, భూలేఖ్ అనే ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైట్‌లో మౌజా (రెవెన్యూ గ్రామం), ప్లాట్ నంబరు కొడితే రికార్డ్ ఆఫ్ రైట్స్ (భూమి ఎవరిదో చెప్పే కాగితం), నక్షా రెండూ వస్తాయి. అంతా ఒడియాలో ఉంటుంది. పెద్దవాళ్లలో చదవగలిగినవాళ్లు తక్కువ, తొమ్మిదో తరగతి చదివే పిల్ల చదివి వినిపించింది. ఆ ప్లాటు ప్రభుత్వ ఖాతాలో ఉంది, కిస్సం (భూమి రకం) దగ్గర రాస్తా, అంటే దారి, అని ఉంది. ఆయన ఇంకేం అనలేదు. ఆ పిల్ల కూడా రోజూ ఆ దారినే బడికి పోతుంది.

పని దగ్గరికి వస్తే, మొదట మార్చింది తిండి చోటు. కానుగ కింది రాయి తీయించేశాం, అన్నం ఇంటి వెనక బావి దగ్గర, మూడింటికీ మూడు గిన్నెల్లో, పొద్దున్నా రాత్రీ వేళకి. మిగిలితే తీసెయ్యాలి. ఒక్క పైసా ఖర్చు లేని ఈ పనికే నా అంచనాలో సగం ఫలితం వచ్చింది, వారం తిరిగేసరికి మధ్యాహ్నపు పడక బావి దగ్గరికి మారింది. కోడలికి ఇది నచ్చలేదు, వెనక్కి నడవాలి కదా. ఆవిడ చేత ఒప్పించింది అత్తగారే, నేను కాదు.

తర్వాత దడి. ఆయన ఇనప మెష్ వేయిస్తానన్నాడు, నేను వద్దన్నాను. మెష్‌లోంచి దారి కనబడుతుంది, కనబడితే కుక్క కంచె పొడుగునా అటూ ఇటూ ఉరుకుతూ రోజంతా రేగిపోతుంది, ఒక రోజు సందు దొరికితే అదే ఊపులో బయటికొస్తుంది. కుక్క కంటికి దారి కనబడకూడదు. వెదురు కట్టి, కింద నడుం ఎత్తు దాకా తాటాకు దట్టంగా అల్లించాం, అడుగున దూరకుండా రాళ్లు పాతాం. ఖర్చు మొత్తం ఆయనదే. సగం ఎదురింటివాళ్లు పెట్టుకోవాలని ఎవరో పెద్దమనిషి సలహా ఇచ్చాడు, నేను ఒప్పుకోలేదు, కుక్క ఎవరిదో దడి వాళ్లదే. గేటు దారి అంచున కాక రెండు బారలు లోపలికి పెట్టించాను, తెరిచిన వెంటనే కుక్క దారి మీద పడకుండా. గేటు మూయడం ఎవరికీ గుర్తుండదు, ఆ ఇంట్లో చిన్నపిల్లలున్నారు. గుంజకి కప్పీ, తాడుకి రాయి వేలాడదీస్తే వదలగానే దానంతట అదే మూసుకుంటుంది.

దడి పూర్తయ్యేలోపు బడి వేళల్లో నల్లదాన్నీ ముసలిదాన్నీ ఎలా ఆపాలి? మెడకి గొలుసేసి గుంజకి కట్టడం అందరికీ తెలిసిన పద్ధతి, దాంతో కుక్క ఇంకా పాడవుతుంది. పారిపోలేదు కాబట్టి మీదపడటమే నేర్చుకుంటుంది. పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం, కట్టేసిన కుక్కకి వ్యాయామం లేకుండా చెయ్యడం జంతు హింస నివారణ చట్టం 1960లోని 11వ సెక్షన్ కింద నేరం కూడా. రెండు కొబ్బరి చెట్ల మధ్య తల కంటే ఎత్తులో జీఐ తీగ లాగి, దానికి ఇనప రింగు, రింగుకి తాడు, తాడు చివర మెలి పడకుండా తిరిగే కొక్కెం. తీగ రెండు చివర్లా చెట్టుకి కాస్త ఇవతలే, రింగు అక్కడ ఆగేలా, ముడి వెయ్యాలి, లేకపోతే కుక్క చెట్టు చుట్టూ తిరిగి బిగుసుకుంటుంది. మెడకి పట్టీ వెయ్యాలి, జారుముడి పనికిరాదు. నీడ, నీళ్లు అందాలి. తాడు పొడవు దడి దాకా అందకూడదు, దూకితే ఉరి పడుతుంది. ఒక తీగకి ఒక్క కుక్కే. ఇవన్నీ ఎక్కడో చదివి చెప్పే మాటలు కావు, ఉరి పడ్డ కుక్కని దించినవాళ్లకి తెలుస్తుంది.

పిలిస్తే రావడం నేర్పడం ఆయన అమ్మకి అప్పగించాను, ఇంట్లో రోజంతా ఉండేది ఆవిడే. దారి మీద ఎవరైనా కనబడగానే, కుక్క ఇంకా మొరగకముందే, "దా దా" అని వెనక్కి పిలవాలి, వస్తే ఎండుచేప తలకాయ. బిస్కెట్లతో ఇది జరగదు, మన నాటు కుక్క బిస్కెట్ కోసం తరమడం మానుకోదు, ఎండుచేప కోసం మానుకుంటుంది. కొన్నాళ్లకి దారిలో మనిషి కనబడితే ఆడకుక్క తనే ముసలమ్మ వైపు తిరిగి చూడ్డం మొదలుపెట్టింది. మొదలుపెట్టేది ఊరుకుంటే మిగతా రెండింటికీ ఊపు రాదు. అందుకే ఎక్కువ శ్రమ దాని మీదే పెట్టాం. పిల్లలు మాత్రం తామే దారిలో బిస్కెట్లు వేసి మచ్చిక చేసుకుంటామన్నారు. వద్దన్నాను, అలా వేస్తే దారే మళ్లీ తిండి చోటవుతుంది.

బడికి పోయి పిల్లలకి చెప్పింది తక్కువే. పరిగెత్తొద్దు, చెయ్యెత్తొద్దు, కళ్లలోకి చూడొద్దు, వీపు చూపించకుండా పక్కకి అడుగులేస్తూ పోవాలి. సైకిల్ ఉంటే దిగి, కుక్కకీ తనకీ మధ్య సైకిల్ ఉండేలా నడిపించుకుంటూ పోవాలి. మీద పడితే సంచి దాని నోటికి అందించాలి. కింద పడితే ముడుచుకుని చేతులు మెడ మీద వేసుకుని కదలకుండా ఉండాలి. కరిస్తే ఇంట్లో తిడతారని దాచొద్దు. ఈ చివరిది రెండుసార్లు చెప్పాను.

ఆడకుక్కకి ఆపరేషన్ చేయించాం, ఎదలో ఉన్నప్పుడు కాకుండా అది అయ్యాక ఆగి. దీని గురించి చాలామందికి ఆశ ఎక్కువ, ఆపరేషన్ చేస్తే కుక్క మొరగడం మానేస్తుందని. మానదు. ఇల్లు కాచే బుద్ధికీ దానికీ పెద్ద సంబంధం లేదు. ఇక్కడ లాభం వేరు, అది ఎదకొచ్చినప్పుడల్లా ఊళ్లో మగకుక్కలన్నీ ఆ దారి మీద గుంపు కట్టేవి, ఆ గుంపే జనాన్ని ఎక్కువ భయపెట్టింది. అది ఆగింది. నల్లదానికి కూడా చేయించమన్నాను, యజమాని మగకుక్కకి ఎందుకని చాలా రోజులు నానబెట్టాడు.

అంతా కుదురుకుంటోందనగా జీడిమామిడి కాపు వచ్చింది. ఆయన, కొడుకులు రాత్రుళ్లు కొండ కింది జీడితోటలో కాపలా పడుకునేవాళ్లు, ఇంటి దగ్గర గేటు తాడు తెగితే కట్టేవాళ్లు లేరు. సంత రోజు తెల్లవారుజామున కావడితో దిగుతున్న ఒక సవర తాతని నల్లది తరిమింది. కరవలేదు. ఆయన కింద పడ్డాడు, మణికట్టు వాచింది, కావడిలోని సరుకు దారి పాలయింది. కుక్కల యజమాని కొడుకు ఫోన్‌లో అన్న మొదటి మాట "కరవనేదు కదండీ".

కాగితం బయటికి తీసింది అప్పుడే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షన్ ప్రకారం, తన దగ్గరున్న జంతువు వల్ల మనిషి ప్రాణానికో, తీవ్ర గాయానికో ప్రమాదం ఉండే అవకాశం ఉన్నా తగిన జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. కరిచి తీరాలని అందులో లేదు. పాత శిక్షాస్మృతిలో ఇది 289, జరిమానా వెయ్యి రూపాయల దాకా ఉండేది. ఇక దారి సంగతికి భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్, పాత సీఆర్‌పీసీలో 133. ప్రజల దారిలో అడ్డంకి ఉన్నా, ప్రమాదకరమైన జంతువు ఉన్నా, దాన్ని కట్టడి చెయ్యమని ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ షరతుతో కూడిన ఆర్డర్ ఇవ్వొచ్చు. ఇందులో ఎవరినీ జైల్లో పెట్టాలన్న ఉద్దేశం లేదు కాబట్టి ఊరి తగాదాలకి నాకు ఇదే నచ్చుతుంది.

ఊళ్లో ఇద్దరు ముగ్గురు టీవీలో చూసి, సుప్రీంకోర్టు ఆర్డర్ ఉంది కదా, కుక్కల్ని పట్టుకుపోవాలి అన్నారు. 2025లో వచ్చిన ఆ ఆదేశాలు వీధికుక్కల గురించి. ఇవి పెంపుడు కుక్కలు. జంతు జనన నియంత్రణ నిబంధనలు 2023 ప్రకారం పెంపుడు కుక్కకి టీకా, ఆపరేషన్ లాంటివన్నీ యజమాని బాధ్యతే, పంచాయతీ మీదికో మున్సిపాలిటీ మీదికో తోసేయడానికి లేదు. ఇంకొకాయన శ్రీకాకుళంలో తన బావమరిది లాయరని, అక్కడ కేసు వేద్దామని. దారి ఒడిశాలో ఉంది మహాప్రభో.

అర్జీ ఒడియాలో రాయించాం, వీడియో, భూలేఖ్ కాపీ, ఆసుపత్రి చీటీ జతపరిచాం. ఇచ్చేముందు ఒక కాపీ ఆయనకే ఇచ్చాను, ఇది రేపు ఆఫీసుకి పోతుంది, లేదా మీరు రామమందిరం అరుగు మీద కూర్చుని మాట్లాడితే నా బ్యాగులో ఉంటుంది అని. కూర్చున్నాడు. వార్డు మెంబరు, రెండు పక్షాలు, బడి మాస్టారు. నేను పట్టుబట్టి ఆ సవర తాతని, ఆయన కూతుర్ని కూడా పిలిపించాను. ఇలాంటి పంచాయితీల్లో కొండవాళ్ల నష్టం మాటవరసకి కూడా ఎవరూ ఎత్తరు, ఎదురింటివాళ్ల దూడ గురించి గంట మాట్లాడతారు. ఆసుపత్రి ఖర్చు, పోయిన సరుకు, పని చెయ్యలేని రోజుల కూలి ఆయనకి ముందు ఇప్పించాకే మిగతాది మొదలైంది.

ఒప్పందం ఒకే పేజీ, ఒక పక్క ఒడియా, ఇంకో పక్క తెలుగు. తెల్లవారిన దగ్గర్నుంచి దీపాల వేళ దాకా కుక్కలు దడి లోపలే, యజమాని ఊళ్లో లేకపోతే తీగకి, చూసుకునే మనిషి ఎవరో ముందే చెప్పాలి, ఏటా టీకా వేయించి కార్డు వార్డు మెంబరుకి చూపించాలి, నల్లదానికి ఆపరేషన్. దానికి బదులుగా, పిల్లలు రాళ్లు విసిరితే వాళ్ల ఇళ్లవాళ్లు పూచీ. ఎవరు తప్పినా అర్జీ ఆఫీసుకి పోతుంది. నల్లదాన్ని జీడితోటకి పంపేద్దామన్నారు ఒకరిద్దరు. ఆ తోట పక్కనుంచే సవరల కాలిబాట ఉంది, అక్కడ అడిగేవాడు లేడని అక్కడికి పంపడమేనా? కుదరదన్నాను. ఇంకెవరికైనా ఇచ్చేయడానికీ ఒప్పుకోలేదు, మనిషిని పట్టడం అలవాటైన కుక్కని వేరేవాళ్లకి ఇచ్చేస్తే సమస్య ఊరు మారుతుంది అంతే.

ఇప్పుడు పరిస్థితి ఇది. దారి మీద తరమడం లేదు. దడి వెనకనుంచి మొరుగుతాయి, రాత్రుళ్లు మరీ, దాని మీద ఎదురింటావిడ ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. పందుల కోసం మొరిగే కుక్కని మొరగొద్దని చెప్పే మందు నా దగ్గర లేదని చెప్తాను. ఆవిడ కర్ర లేకుండా నడవదు, నడవక్కర్లేదు కూడా, కర్ర కిందికి పట్టుకుంటే చాలు. దూడ బాగుంది. ముసలి మగదానికి చూపు తగ్గింది, చూపు తగ్గిన కుక్క ఉలిక్కిపడి కరుస్తుంది కాబట్టి దాన్ని పిల్లల మధ్యకి వదలొద్దని ఆ ఇంట్లోవాళ్లకి విడిగా చెప్పాను.

మొన్న ఆయన చిన్నకొడుకు బరంపురం నుంచి జర్మన్ షెపర్డ్ పిల్లని తెచ్చాడు. ఒప్పందం పాత మూడింటికే అని వాదించబోయాడు, కాగితంలో "ఈ ఇంట ఉండే కుక్కలన్నీ" అని రాయించాం, వార్డు మెంబరు ఆ లైను చదివి వినిపించాడు. పిల్లకి మూడు నెలలు నిండగానే మొదటి రేబిస్ టీకా, దడి ఇంకో మూరెడు ఎత్తు పెంచాలి. వెదురు ఇంకా కొనలేదు.